ఒక్క నీలం చుక్క

"కాలు ఊపకండి. బల్ల కదులుతోంది."

ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట అదే. రండి అనలేదు, కూర్చోమనలేదు. నేను తెచ్చిన కర్టెన్ గుడ్డ శాంపిల్‌ని బల్ల మీద పరిచి భూతద్దంతో చూస్తోంది. మ్యూజియంలో పాత పెయింటింగులు శుభ్రం చేసి బాగుచేయడం ఆమె పని. అక్కడ అందరూ బొమ్మల డాక్టర్ అంటారు. నేను మా మావయ్య ప్రింటింగ్ మిల్లులో గుడ్డలకి డిజైన్లు గీస్తాను. మ్యూజియంలోని ఒక పెయింటింగ్ డిజైన్‌తో కర్టెన్లు అచ్చువేయాలంటే ముందు శాంపిల్ చూసి ఆమె సరేననాలి. కుదురుగా కూర్చోవడం నా ఒంట్లోనే లేదు.

"ఇందులో నీలం చుక్క ఏది?" అంది.

"ఏ నీలం చుక్కండీ?"

ఆమె లేచి, గోడకి ఆనించి ఉన్న పెద్ద పెయింటింగ్ దగ్గరికి తీసుకెళ్ళింది. నేను ఫొటో చూసి డిజైన్ గీశాను గానీ అసలుదాన్ని చూడడం అదే మొదటిసారి. ఒకే దుప్పటి కింద ఒక కుటుంబమంతా నిద్రపోతోంది. తాత, తల్లి, చంటిపిల్ల, జుట్టు విరబోసుకున్న ఒక అమ్మాయి. దుప్పటి నిండా ఎర్రటి గుండ్రటి చుక్కలు, ఒక్కో చుక్కకీ బంగారు రంగు అంచు. ఎడమ పక్కన ఎవరో నిలబడి ఉన్నారు. మొహం గీయలేదు. తల నుంచి పాదాల దాకా ముదురు నీలం శాలువా, దాని మీదా అవే చుక్కలు, నీలంలో నీలం. ఇటు దుప్పటి మీద అన్ని ఎర్ర చుక్కల మధ్య, ఆ అమ్మాయి భుజం దగ్గర మాత్రం ఒకే ఒక్కటి నీలం.

"ఓ, అదా. పొరపాటున పడిందనుకుని సరిచేశానండి."

"సరిచేశారా?"

"లేకపోతే కుదరదు కదండీ. డిజైన్ అంటే ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలీకుండా సాగిపోవాలి. మధ్యలో ఒకటి వేరేగా ఉంటే అచ్చుతప్పనుకుంటారు. గుడ్డ వెనక్కొచ్చేస్తుంది."

"ఇది సింబలిస్ట్ పెయింటింగ్, అంటే ఏదీ నేరుగా గీయకుండా గుర్తులతో చెప్పేది. పుర్రె, ఎముకలు గీయకుండా చావుని చూపించాలి. అందుకే రంగుతో చూపించాడు, చుక్కలతో చూపించాడు. ఆ నిలబడ్డది చావు. దాని శాలువాలో చుక్క ఒకటి అప్పుడే దుప్పట్లోకి వచ్చేసింది. నిద్రపోయేవాళ్ళకి తెలీదు." గుడ్డ మడిచి నా చేతిలో పెట్టింది. "మీరు చావుని తీసేశారు."

"కర్టెన్ల మీద చావెందుకండీ?" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. నిజానికి నాదీ పైపై నవ్వే. నా గుండెలో ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదనీ, ఆపరేషన్ చేసి మార్చాల్సిందేననీ డాక్టర్లు ఈమధ్యే చెప్పారు. ఆ సంగతి అక్కకీ మావయ్యకీ తప్ప ఎవరికీ తెలీదు. చావు మాట వింటే అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోవాలనిపించే రోజులవి.

కానీ వెళ్ళిపోలేదు. రంగు సరిచూసుకునే వంకతో మర్నాడూ వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను. ఆమె పుల్లకి దూది చుట్టి, మందులో ముంచి, గోరంత మేర మురికి తీయడానికి పూటంతా కూర్చునేది.

"ఇంత నెమ్మదిగా చేస్తే ఎప్పటికవుతుందండీ?"

"దీనికేం తొందర? గీసినాయన పోయి ఎన్నేళ్ళో అయింది."

"నాకుంది తొందర."

"మీకేమిటి?"

నోటిదాకా వచ్చింది. మింగేశాను. "బస్సు వెళ్ళిపోతుంది," అన్నాను.

"ఇంకోటి వస్తుంది. కూర్చుని ఈ పుల్లలకి దూది చుట్టండి. కాలైనా ఆగుతుంది."

కాలు ఆగింది గానీ కళ్ళు ఆగలేదు. కిటికీ బయట వాన. చెవి వెనక పెన్సిల్ పెట్టుకున్న సంగతి మర్చిపోయి ఆమె బల్లంతా వెతుకుతోంది. నేను చెప్పకుండా చూస్తూ కూర్చున్నాను.

"పెయింటింగ్ అటుంది," అంది తలెత్తకుండానే.

"తెలుసండి."

ఆమె పెదవి బిగపట్టింది. అది నవ్వాపుకోవడానికేనని అప్పటికి నాకు తెలిసిపోయింది. ఆ రోజు బస్సులో సీటున్నా కూర్చోలేకపోయాను.

ఇంట్లో అక్క పట్టేసింది. "చెప్పావా ఆ అమ్మాయికి?"

"ఏమని చెప్పను? మీరంటే ఇష్టం, వచ్చేవారం నా గుండె కోస్తున్నారు అనా?"

"బానే ఉందిగా. అలాగే చెప్పు."

"ఆపరేషన్ గట్టెక్కాక చెప్తాలే అక్కా."

గట్టెక్కకపోతే అని అడగబోయి, అక్క గబుక్కున వంటగదిలోకి వెళ్ళిపోయింది. లోపల గిన్నెలు అవసరం లేకపోయినా చాలాసేపు చప్పుడు చేశాయి.

మర్నాటి నుంచి మ్యూజియంకి వెళ్ళడం మానేశాను. మిల్లులోనూ నిలకడ లేదు. గదిలోంచి గదిలోకి తిరిగాను. చివరికి ఉండబట్టలేక డిజైన్ మళ్ళీ గీశాను, ఈసారి నీలం చుక్కతో. మావయ్య కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"ఇదేంట్రా, అచ్చుతప్పు?"

"అది అలాగే ఉండాలి మావయ్యా."

అచ్చువేసిన గుడ్డల్లో ఒకటి వ్యాన్ డ్రైవర్ చేత ఆమెకి పంపించాను. ఆ మధ్యాహ్నమే ఆమె ఆ గుడ్డని చంకలో పెట్టుకుని, వానలో తడిసి, మా రంగులు కలిపే గదికి వచ్చింది.

"రోజూ వచ్చే మనిషి మానేసి గుడ్డ పంపిస్తే ఏమనుకోవాలి? పనైపోయిందనా?"

"అవునండి," అన్నాను గోడ చూస్తూ. "పనైపోయింది."

ఆమె మొహం చిన్నబోయింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, నా మొహం కాకుండా నా కాళ్ళు చూసింది.

"మీ కాలు కదలడం లేదు," అంది. "ఏమైంది?"

ఇక దాచలేకపోయాను. "గుండెలో వాల్వ్ మారుస్తున్నారు. ఎల్లుండి. మీరంటే నాకు ప్రేమ. ఈ నీలం చుక్క తెచ్చి మీ భుజం మీద పెట్టడం ఇష్టంలేక చెప్పలేదు."

ఆమె గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. చంకలోని గుడ్డ తీసి బల్ల మీద పరిచి, నీలం చుక్కని అరచేత్తో కప్పేసింది.

"ఇప్పుడు చుట్టూ ఉన్న ఎరుపు చూడండి."

చూశాను. చప్పగా ఉంది. ఆమె చెయ్యి తీసింది. అదే ఎరుపు ఒక్కసారిగా లేచొచ్చింది. పక్కన నీలం పడితే ఎరుపు తేలుతుందని నాకు మావయ్య ఎప్పుడో నేర్పాడు. అది గుడ్డల సంగతేననుకున్నాను.

"రంగుల్లో పుట్టి పెరిగారు, మీకు నేను చెప్పాలా?" అంది. "నాకూ ఏదో ఒకరోజు ఉంటుంది చుక్క. మీకొక్కరికే అనుకోకండి. తెచ్చి పెట్టండి భుజం మీద. మోస్తాను."

రంగు డ్రమ్ముల వెనక నుంచి మావయ్య గొంతు వినిపించింది. "ఒరేయ్, ముందు ఆ అమ్మాయికి తువ్వాలివ్వరా. తర్వాత మాట్లాడుకుందురు."

ఆపరేషన్ రోజు పొద్దున్న అక్కా ఆమే పక్కపక్కన నిలబడి నన్ను లోపలికి పంపించారు. ఆ తర్వాత ఏమీ తెలీదు.

కళ్ళు తెరిచేసరికి ఛాతీ మీద బండ పెట్టినట్టుంది. మంచం సన్నగా కదులుతోంది. నా గుండే అలా కొట్టుకుంటోందేమోనని భయపడ్డాను. కాదు. పక్క కుర్చీలో ఆమె కూర్చుని, మంచం కమ్మీకి పాదం ఆనించి, కిటికీలోంచి బయటికి చూస్తూ ఆపకుండా కాలు ఊపుతోంది.

"కాలు ఊపకండి," అన్నాను, వచ్చినంత గొంతుతో. "మంచం కదులుతోంది."

ఆమె గిరుక్కున నా వైపు తిరిగింది. ఏడ్చేసింది. కాలు మాత్రం ఆపలేదు.