పసిపేర్లకు ప్రవేశం లేదు

ఉదయం తొమ్మిదిన్నరకి డాక్టర్ హేమనళిని వంటింట్లో కాఫీ యంత్రానికీ అసిరయ్యకీ మళ్లీ గొడవైంది.

"ఎవులింటికి?" అని అడిగాడు అసిరయ్య, గోడలోంచి.

"కొత్త రుచుల పట్టిక కోసం," అంది యంత్రం.

"ఆ పేరు పుట్టి ఆరు రోజులే. నలబై దాటాక సూద్దాం."

యంత్రం అలిగి, పాత కాఫీయే పోసింది.

2081 నాటి విశాఖపట్నంలో ఇది ప్రతి ఇంటా జరిగే తగువే. నెట్‌లో ఏ చోటుకైనా అసలు చిరునామా ఒక పొడవాటి అంకె. మనిషికి అంకెలు గుర్తుండవు, పేర్లు గుర్తుంటాయి. పేరు చెబితే అంకె చెప్పి దారి చూపే సేవ డీఎన్ఎస్. అది మన ముత్తాతల నాటిది. ప్రమాదకరమైన పేరు అడిగితే అంకె చెప్పకుండా ఊరుకునే జల్లెడ సేవలు కూడా పాతవే. నళిని కొత్తగా చేసిందల్లా ఆ జల్లెడకి లోకజ్ఞానం నేర్పడం. ఆమె కనిపెట్టిన 'గుమ్మం' ప్రతి పేరు నడతనీ చదువుతుంది: ఎప్పుడు పుట్టింది, ఎవరితో తిరుగుతోంది, ఎన్నిసార్లు మకాం మార్చింది. మోసగాళ్లు పూటకో పేరు పుట్టించి వాడి పారేస్తారు కాబట్టి, నలబై రోజులు నిండని పసిపేరుకి అసలు ప్రవేశమే లేదు.

దాని గొంతు మాత్రం ఆమె చిన్నప్పటి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అసిరయ్యది. గేటు దగ్గర ఎవరొచ్చినా ఆయన రెండే ప్రశ్నలు అడిగేవాడు: "ఎవులింటికి? తెలిసినోలేనా?" ఆ రెండు ప్రశ్నలతో ఇరవయ్యేళ్లు ఒక్క దొంగతనం జరగనివ్వలేదు. ఆయన బతికుండగానే అడిగి ఆ గొంతు తీసుకుంది నళిని. ఇప్పుడు రెండు కోట్ల ఇళ్లలో అదే గొంతు.

"నేనే చేశాను. అయినా దాన్ని దాటించే దొంగ తాళం నాక్కూడా లేదు," అని ఆమె ప్రతి సభలోనూ చెప్పేది. జనం చప్పట్లు కొట్టేవారు. ఇంచుమించు ఆమె కూడా నమ్మేసింది.

ఆ రోజు ఆమెకి సభలతో పని లేదు. చంద్రుడి దక్షిణ కొసన, మంచుగని కాలనీలో, తమ్ముడు తారకేశ్ కూతురికి బారసాల. పది నలబైకి ముహూర్తం. బియ్యంలో పేరు తండ్రి రాస్తాడు, చెవిలో పిలవాల్సింది మేనత్త. నళినికి పిల్లల్లేరు. తమ్ముడికి పెళ్లయిన పదకొండేళ్లకి పుట్టిన పిల్ల ఇది. ఆ పిలుపు కోసం ఆమె ఇరవై ఒక్క రోజులుగా పొద్దున్నే గొంతు సవరించుకుంటోంది, నవ్వుకుంటే నవ్వుకోండి.

చంద్రుడికి సొంత ఫోను లైను ఆది, బుధవారాల్లోనే ఇస్తారు. ఇవాళ శుక్రవారం. అందుకే వేడుకంతా నెట్ చిరునామాలోనే. తారకేశ్ బుధవారమే చెప్పాడు: "పేరు ఇప్పుడే చెప్పనక్కా, శుక్రవారం పొద్దున్న ఆహ్వానంలో చూద్దువు. ఆ పేరు మీదే చిరునామా తెరుస్తాం. నీకు తెలిసిన పేరే."

ఈ ఉదయం కుటుంబమంతటికీ పువ్వుల ఆహ్వానం వచ్చింది. పాప పేరు ఇవాన్యా. నళిని పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని, తెర ముందు కూర్చుని, ఆ పేరు అడిగింది.

"పసిపేరమ్మా. నిన్న సాయంత్రం పుట్టింది," అన్నాడు అసిరయ్య.

"పసిపిల్లకి పసిపేరు కాక ముసలిపేరు పెడతారా? తియ్యి."

"నువ్వు పెట్టిన రూలే కదేటి."

ఆమె గడియారం చూసింది. పది పదిహేను. ఈలోగా విజయనగరం నుంచి కొండమ్మ పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఏటే నళినీ, ఇంకా రాలేదేటి? మేమందరం సూసేసినాం. బంగారుబొమ్మనుకో!"

"ఎలా చూశారు? గుమ్మం తియ్యలేదే?"

"నీ గుమ్మం ఎవులిక్కావాలే! పక్కింటోలు అడ్డదారి పెట్టె ఒకటిచ్చినారు, అందులోంచెల్లిపోయినాం. పాపని గొంతెత్తి మూడుసార్లు దీవించమన్నారు. దీవించేసినాను." పెద్దమ్మ గొంతు తగ్గించింది. "ఏటనుకోకు. కనిపెట్టిందానివి నువ్వే, బయట నిల్సుందీ నువ్వే."

ఆ మాట నళినికి సూదిలా గుచ్చుకుంది. ఏడుపొచ్చింది. పది ఇరవై ఎనిమిది.

ఆమె లేచి తలుపు గడియ పెట్టింది. ఎవరికీ తెలియని ఒక అర తెరిచింది తెర మీద. పదహారు అక్షరాల తాళం. లేదు లేదని లోకానికి చెప్పిన తాళం.

"తిప్పితే తిప్పుకో," అన్నాడు అసిరయ్య మెల్లగా. "గానీ ఒక్కింటికే తెరుచుకోదు. రెండు కోట్లిళ్లకీ తెరుచుకుంటాది."

"పది నిమిషాలే. పిలిచి మూసేస్తాను."

"ఎవులింటికి?"

"నా మేనకోడలింటికి!"

"తెలిసినోలేనా?"

"ఏం ప్రశ్న అది! నా తమ్ముడి కూ..." అంటూ ఆగిపోయింది.

ఇవాన్యా. ఆ పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. నీకు తెలిసిన పేరే, అన్నాడు తమ్ముడు. తెలిసిన పేరు మీద బారసాల చిరునామా తెరుస్తానన్నాడు. ఆమె చెయ్యి తాళం మీంచి దానంతటదే జారింది.

"అసిరయ్యా, ఇవాళ చంద్రుడి మీంచి తెరుచుకున్న పాతపేరేమైనా ఉందా?"

"ఉంది. పొద్దున్న ఎనిమిదింటి నుంచి తలుపు తీసుకు కూకుంది. ఎవులూ అడగలేదు. నువ్వూ అడగలేదు."

"అప్పలనర్సమ్మ," అంది నళిని.

తెర వెంటనే వెలిగింది.

అది వాళ్లమ్మ పేరు. ముప్పయ్యేళ్లపాటు ఆ పేరు మీదే అమ్మ చేపల పులుసు పాఠాలు చెప్పింది. గుమ్మం మొట్టమొదట నమ్మిన పేరు అదే. అమ్మ పోయిన నాలుగేళ్లుగా తారకేశ్ దాన్ని ఖాళీగానే కాపాడుతున్నాడు. ఇప్పుడా చోట, బియ్యప్పళ్లెం ముందు, ఉంగరం పట్టుకుని దిగాలుగా కూర్చుని ఉన్నాడు.

"వచ్చావా అక్కా! ఒక్కరూ రాలేదు. పొద్దున్న పంపిన ఆహ్వానంలో పేరు నచ్చక అలిగారేమో అనుకున్నాను."

"నచ్చకపోవడమేమిట్రా," అంది నళిని, కుర్చీ తెరకి దగ్గరగా లాక్కుంటూ.

పది నలబైకి పాప చెవి దగ్గర పరికరం పెట్టారు. నళిని మూడుసార్లు అమ్మ పేరు పిలిచింది. ఆ పిలుపు చంద్రుడిదాకా వెళ్లి జవాబు రావడానికి రెండున్నర సెకన్లు పట్టింది. పాప ఉలిక్కిపడి, పెదవి విరిచి, ఆ మీద హాయిగా ఆవులించింది. నళినికి ప్రాణం లేచొచ్చింది.

తర్వాత పెద్దమ్మకి ఫోన్ చేసి, నువ్వు ముద్దుచేసింది యంత్రం గీసిన బొమ్మని, దొంగలకి కావలసింది నీ దీవెన కాదు, నీ ఇంటి తలుపు తెరిచే నీ గొంతు అని చెప్పి, ముందు గొంతు తాళం మార్పించింది. పెద్దమ్మ దొంగల్ని తిట్టింది, పక్కింటివాళ్లని తిట్టింది, చివరికి పేరుని కూడా తిట్టింది: "సెంద్రుడి మీద పిల్లకి అప్పలనర్సమ్మేటే! ఎవులనుకుంటారు?"

దొంగలూ అనుకోలేదు. తారకేశ్ పంపిన అసలు ఆహ్వానాన్ని దారిలో ఆపగలిగారు గానీ, విప్పి చదవలేకపోయారు. అందుకే ఇవాన్యా అని ఊహించారు. పెద్దమ్మకి ఎరవేసింది గొంతు కోసం. నళినికి వేసింది తాళం కోసం. మేనత్త మనసు వాళ్లకి బాగా తెలుసు.

అది తలుచుకుని ఆమె మళ్లీ ఆ అర తెరిచింది. పదహారు అక్షరాల్నీ ఒక్కొక్కటే చెరిపేసింది.

"అయిపోయింది అసిరయ్యా. ఇక నిజంగానే నాక్కూడా తాళం లేదు."

"మంచిదమ్మా," అన్నాడు అసిరయ్య, ఎంతో ఆప్యాయంగా. "పోయినసారీ ఇలాగే సెరిపేసినావు. అంతకుముందూ సెరిపేసినావు."

నళిని ముఖం ఎర్రబడింది. "ఈసారి ఒట్టు."

"అలాగే. కొత్తది ఎక్కడ దాస్తావో నాకు మట్టుకు సెప్పకు."