ఎడమచేతి లెక్కలు

పొయ్యి మీద ఉప్మా అడుగంటుతున్నా దెబోరా కదల్లేదు. కూతురు జ్యోత్స్న హోంవర్కు వంటగట్టు మీద పరుచుకుని, ఎడమచేత్తో గుణకారాలు రాస్తోంది. కుడిచేత్తో రాస్తే పెద్దవాళ్ళ రాత అని మిస్సు ఇట్టే పట్టేస్తుంది. ఎడమచేత్తో అయితే అచ్చం మూడో తరగతి పిల్ల రాతే. తల్లి భయం ఎన్ని విద్యలైనా నేర్పుతుంది మరి!

పోయినేడు హోంవర్కు చెయ్యలేదని జ్యోత్స్నను తరగతి బయట ఎండలో నిలబెట్టారు. ఆ సాయంత్రమే పిల్లకు జ్వరం తగిలింది. అప్పట్నుంచి తెల్లారితే చాలు, దెబోరాకు గుండెదడ.

ఆళ్లగడ్డ శిల్పాల దుకాణంలో పనికి బయల్దేరుతున్న భర్త జీవన్ కుమార్ ఫోను మోగింది. "బడికి ఇద్దర్నీ రమ్మంటాండారు. పాప ఏం చేసినాదో ఏమో!" అన్నాడు.

బడిలో కొత్త మిస్సు ఉమామహేశ్వరమ్మ, వాళ్ళిద్దరి ముందే పాపను హోంవర్కులోని లెక్కే పలక మీద చెయ్యమంది. జ్యోత్స్న బలపం పట్టుకుని కాసేపు తటపటాయించింది. తర్వాత దాన్ని ఎడమచేతిలోకి మార్చుకుంది.

"ఆ చెయ్యేందమ్మా?"

"లెక్కలు ఈ చేత్తోనే వస్తాయి మిస్. మా అమ్మ ఈ చేత్తోనే చేస్తాది."

దెబోరా తల వాలిపోయింది.

"పిల్లకు మేలు చేస్తాండావా, చెరుపు చేస్తాండావా?" జీవన్ కుమార్ గొంతు లేచింది.

"జ్వరమొచ్చినప్పుడు యాడున్నావ్ నువ్వు? రాత్రంతా ఒళ్ళో పెట్టుకున్నది నేను! మళ్ళా నిలబెడితే?" దెబోరా ఏడ్చేసింది.

మిస్సు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నా తరగతిలో ఎవర్నీ నిలబెట్టనమ్మా. హోంవర్కు ఇచ్చేది తప్పులు చేసుకోనీకే. మీరన్నీ రైటు రాసి పంపిస్తే, పాపకు యాడ రాలేదో నాకెట్ల తెలుస్తాది?"

ఆ సాయంత్రం జ్యోత్స్న కుడిచేత్తో రాసింది. ఏడు ఎనిమిదులు యాభైనాలుగు అని వేసింది. దిద్దాలని దెబోరా ప్రాణం కొట్టుకుంది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, పంటి బిగువున కూర్చుంది.

మర్నాడు బడి వదలగానే జ్యోత్స్న పరుగున వచ్చింది. పేజీ నిండా ఎర్రసిరా.

"అమ్మా, చూడు! మిస్సు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. ఏడు ఎనిమిదులు యాభైయారు! ఈ తప్పులన్నీ నావేమ్మా!"

దెబోరా రెండు చేతులా కూతుర్ని దగ్గరికి లాక్కుని, నవ్వుతూనే ఏడ్చింది.