వంకర లేని కప్పపిల్లలు

“కశింకోట ల్యాబ్‌లో ఇద్దరే సైంటిస్టులు, హనోకూ. వారిలో ఒకరు విదేశీ ముఠాకు అమ్ముడుపోయారు. ఎవరో తేల్చు,” అన్నాడు చీఫ్ త్రినాధరావు.

2007 జూలై. స్టెబిలైజర్ మెకానిక్ వేషంలో ఏజెంట్ హనోకు అనకాపల్లిలో షేర్ ఆటో ఎక్కాడు.

ల్యాబ్‌లో డాక్టర్ సత్యరాజు కప్పగుడ్లను చిన్న రాగి కాయిల్ మధ్య పెట్టి పొదిగిస్తున్నాడు. ఆ కాయిల్ భూమి అయస్కాంత క్షేత్రాన్ని పూర్తిగా రద్దు చేస్తుంది. అందులో పుట్టిన పిల్లల్లో సగం వెన్ను వంకరతోనే బయటికొస్తాయి. అదే డిజైన్‌తో పెద్ద కాయిల్ చేసి ఓడకు చుడితే, సముద్రంలో దాచిన మాగ్నెటిక్ మైన్ అనే మందుపాతర ఆ ఓడను పసిగట్టలేదు. ముఠాకు కావలసింది కప్పలు కాదు.

రెండో సైంటిస్టు, అతని అసిస్టెంట్ షైనీ ఎదురొచ్చింది. ఆకుపచ్చ షిఫాన్ చీర, ఘాటైన సెంటు.

“ఈ వాన శారదా నదికి చాలదు,” అంది మెల్లగా.

డిపార్ట్‌మెంట్ కోడ్! తనూ ఏజెంటే అన్నమాట. చీఫ్ ఆ సంగతి చెప్పలేదు.

“నా అనుమానం డాక్టర్ మీదే. రోజంతా ఎవరికో ఫోన్లు,” అంది షైనీ.

నిజమే. డాక్టర్ చూపు తప్పిస్తున్నాడు. అయినా హనోకు మనసు కుదుటపడలేదు. కోడ్ తెలిసినంత మాత్రాన మనవాళ్లయిపోతారా? షైనీ రాసిన లాగ్‌బుక్ తిరగేశాడు. నిన్న వంకర పిల్లలు నలభై. మొన్న నలభై రెండు.

పొలాల్లో గుడ్లు ఏరి తెచ్చే లోవమ్మ గుమ్మంలో గిన్నెలు కడుగుతోంది.

“వంకర పిల్లల్ని ఏం చేస్తారమ్మా?” అడిగాడు.

“వంకరవేటి బాబూ? మూడు రోజులబట్టి ఒక్కటీ నేదు. అన్నీ సక్కగానే పుడతన్నాయి. సూడు!”

చూశాడు. ఆమె పక్కనున్న గిన్నె నిండా తిన్నని తోకలు. హనోకు తన వాచీలోని దిక్సూచిని కాయిల్ మధ్య పెట్టాడు. ముల్లు ఠక్కున ఉత్తరం చూపింది. క్షేత్రం రద్దు కావడం లేదు. అది డూప్లికేట్!

“షైనీ ఏది?”

“బెల్లం బుట్ట అట్టుకుని ఇప్పుడే టేసనుకి ఎల్లేరు.”

“నా కాయిల్!” డాక్టర్ కూలబడ్డాడు. “నేను ఫోన్లు చేసింది ఆస్పత్రికండీ. మా పాపకి డెంగ్యూ... మూడు రోజులుగా పిల్లల లెక్కంతా షైనీకే వదిలేశాను.”

హనోకు స్టేషన్‌లో అడుగుపెట్టేసరికి రైలు కదులుతోంది. బోగీ తలుపులోంచి ఓ విదేశీయుడు వంగి, షైనీ అందిస్తున్న బుట్ట మీద చెయ్యి వేశాడు. హనోకు ఒక్క ఉదుటున దూకి బుట్టను లాగేశాడు.

షైనీ పిస్తోలు తీసింది. “ఆగు! నేనూ మన మనిషినే.”

“మొన్నటిదాకా.”

బుట్టతోనే ఆమె మణికట్టు మీద కొట్టాడు. పిస్తోలు పట్టాల మీద పడింది. ప్లాట్‌ఫారమ్ మీద దొర్లిన బెల్లం దిమ్మల మధ్య రాగి కాయిల్ తళుక్కుమంది. రైల్వే పోలీసులు షైనీని పట్టుకున్నారు. విదేశీయుణ్ణి తుని స్టేషన్‌లో దింపి అరెస్టు చేశారు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్! రిపోర్టులో మొదట పసిగట్టిన సాక్షుల సంతకాలు పెట్టించు.”

“కష్టం సార్,” అన్నాడు హనోకు. “వాళ్లకింకా చేతులు మొలవలేదు.”