పోయిండు అన్న మాట

తాను చచ్చిపోయిన సంగతి సదానందానికి ఆదివారం పొద్దున, చాయ్‌లో బన్ను ముంచుకుంటుండగా తెలిసింది.

ఆ కబురు మోసుకొచ్చింది ముత్యం ఫోన్. వరసకు బావ, నోటికి హద్దు లేదు.

"ఏం బావా, నీ దినాలకు పిలువకపోతివి? మటనంత ఎవలు తిన్నరు?"

"పొద్దుగాల్నే తాగినవా?"

"నేను తాగలే. మీ రాకేశ్ బ్యాండు సినిమా వచ్చింది గదా యూట్యూబుల. జర చూడు. నీ పేరు మీద దీపం ముట్టిచ్చిండ్రు."

సదానందం కూతురు సృజనను కేకేశాడు. ఆమె ఫోను తెచ్చి చాయ్ గ్లాసుకు ఆనించి పెట్టింది. భార్య కోమల తడి చేతులతో వంటింట్లోంచి వచ్చి వెనక నిలబడింది. కొడుకు రాకేశ్ హైదరాబాదులో ముగ్గురు దోస్తులతో కలిసి నడిపే రాక్ బ్యాండు పేరు 'కంకర'. దాని మీద ఎవరో తీసిన డాక్యుమెంటరీ అది. రాకేశ్ నిన్ననే హుస్నాబాద్ వచ్చాడు, లోపలి గదిలో ఇంకా నిద్ర లేవలేదు.

సినిమా సగమయ్యాక 'పోయిండు' పాట మొదలైంది. బ్యాండును పక్కనపెట్టి రాకేశ్ ఒక్కడే గిటారు పట్టుకుని పాడిన పాట.

'కోడి కూయకముందే మబ్బుల లేచి బాపు పోయిండు, నిద్రల నన్ను ముద్దాడి పోయిండు...'

ఆ పాటంటే సదానందానికి ప్రాణం. రాకేశ్ చంటివాడిగా ఉన్నప్పుడు ఆయన దుబాయికి పోయి, పాస్‌పోర్టు పనిచ్చిన సేటు దగ్గర ఇరుక్కుని, ఏళ్ళ తరబడి తిరిగి రాలేకపోయాడు. ఈ వైపు ఏ ఇంట్లోనైనా మగవాడు పోయిండంటే దుబాయికో మస్కట్‌కో పోయాడనే అర్థం. కొడుకు తన కష్టాన్ని పాట కట్టాడని, మోటార్లు బాగుచేసే తన దుకాణానికి వచ్చిన ప్రతి రైతుకూ వినిపించాడు.

ఫోనులో డ్రమ్ములు వాయించే అరుణ్‌కుమార్ కనిపించాడు. గుంటూరు వైపు అబ్బాయి. కళ్ళు తుడుచుకున్నాడు.

"వాళ్ళ నాన్నగారు చిన్నప్పుడే పోయారండీ. ఆ బాధలోంచి పుట్టిన పాట. అందుకే మేమెవరం వాయించలేదు."

ఆ వెంటనే తెర మీద ఒక దీపం వెలిగింది.

"ఓయమ్మా, గిదేం అరిష్టం!" కోమల నుదుటి బొట్టు తడుముకుంది. "గా పిలగానికి మన మాట తెల్వదు. పోయిండంటే పాడె మీద పోయిండనుకున్నడు."

సదానందానికి ప్రాణం లేచి వచ్చింది. నిజమే, భాష చేసిన తప్పు. "ముత్యానికి ఫోన్ చెయ్యి బిడ్డా. బావ బతికే ఉన్నడు, మటన్ దొరకదని చెప్పు."

సృజన నవ్వలేదు. "ఆగు బాపూ. ఒకటి విను."

సినిమాను వెనక్కి జరిపింది. పాత ప్రాక్టీసు గది. ముందు అరుణ్ డ్రమ్ములు బిగిస్తున్నాడు. వెనకాల ఎక్కడో, సన్నగా, అదే వరసలో రాకేశ్ గొంతు: 'బాపు వచ్చిండు, పెట్టె పట్టుకొని వచ్చిండు...' అంతలో ఆగిపోయింది. "గిది వద్దురా, తీసేద్దాం" అని రాకేశే అనడం వినపడింది.

"గీ చరణం పాటల లేదు బాపూ. గిది ఉంటే నువ్వు ఉన్నట్టు లోకానికి తెలుస్తుండె. అన్న కావాల్ననే తీసేసిండు."

చాయ్ చల్లబడింది. ఎవరూ ముట్టలేదు.

నోట్లో బ్రష్షుతో రాకేశ్ బయటికొచ్చాడు. ముగ్గురినీ, ఫోనునూ చూసి గుమ్మంలోనే ఆగాడు.

"రాకేశ్," అన్నాడు సదానందం నిమ్మళంగా, "నేను బతికున్ననారా?"

"బాపూ, వాళ్ళకు మన భాష..."

"భాష సంగతి మీ అవ్వ చెప్పింది," కోమలను చూపించాడు సదానందం. "బాపు వచ్చిన చరణం ఎటువోయింది?"

"చెప్పురా!" కోమల గొంతు లేచింది.

"నువ్వాగు కోమలా. కొడుకా, ఊరంత చెప్పుకున్న, గిది నా మీద కట్టిన పాటని. నా మీదనేనా, సచ్చిపోయిన ఇంకెవని మీదనా? గదొక్కటి చెప్పు, చాలు."

రాకేశ్ గడప మీద కూలబడ్డాడు. బ్రష్షు తీసి పక్కన పెట్టాడు.

"నేనే చెప్పిన బాపూ. నాన్నగారు పోయారా అని అరుణ్ అడిగిండు. ఏ పోవుడు అడుగుతుండో నాకు సమజైంది. తెలిసే అవునన్న."

సదానందం లేచాడు. దండెం మీది తువ్వాలు తీసి, కొడుకు పక్కన కూర్చుని, వాడి గడ్డం మీద కారుతున్న నురగ తుడిచాడు. చెయ్యి వాడి వీపు మీదే ఉంచాడు.

"నువ్వు తిరిగొచ్చిననాడు ఎయిర్‌పోర్టుకు వచ్చినం. బాపు వస్తుండు, ఉరికి కాళ్ళు మొక్కు అన్నది అవ్వ. ఉరికి మొక్కిన. నీ కాళ్ళు గాదు. నీ ముందట నడుస్తున్న నల్లంగి ఆయనవి. ఆయన నా తల నిమిరిండు. అందరు నవ్విండ్రు, నువ్వు గూడ. గా చరణంల గదే రాసిన, పాడబోతే గొంతు రాలే. బాపును గుర్తుపట్టలేదని చెప్పుడు కన్నా, బాపే లేడని చెప్పుడు అల్కగ, సులువుగ అనిపించింది. తప్పు నాదే. గా నల్లంగి ఆయన మొఖం నాకు గిప్పటికి యాదికున్నది బాపూ. ఆనాడు నీ మొఖం ఎట్లుండెనో యాదికి లేదు. సిగ్గుశరంతోని తలెత్తి చూడనే లేదు."