బొమ్మ అడుగున ముద్ర

ఆదిమూలం మొదటిసారి మునిరామయ్య కట్టెల దొడ్డిలోకి వచ్చినప్పుడు, రిజిస్టరు రాసే గుమాస్తా ఎక్కడని అడిగాడు. గుమాస్తాతోనే మాట్లాడుతున్నారని చంద్రకాంతమ్మ తలెత్తకుండా జవాబిచ్చింది.

అతను అటూ ఇటూ చూశాడు. దొడ్డిలో ఇంకెవరూ లేరు.

“మీరా?”

“నేనే సార్. నాయన కండ్లకు పొర వచ్చినాక ఈ పని నాదే. కూర్చుని తనిఖీ చేస్తారా, నిలబడా?”

కాసేపు నిలబడి, తర్వాత కూర్చున్నాడు.

అది 1941. యుద్ధం మొదలయ్యాక దేశరక్షణ రూల్సు వచ్చాయి. ఓడ ఎక్కే సరుకుకు లైసెన్సు కావాలి, లైసెన్సు ఉన్నవాడు దుంగ దుంగకూ లెక్క రాసి ఉంచాలి. మునిరామయ్య ఎర్రచందనం జపానుకు పోతుంది. జపాను అప్పటికి శత్రువు కాదు, స్నేహితుడూ కాదు. అందుకని చిత్తూరు లైసెన్సు ఆఫీసు ఆదిమూలాన్ని తిరుపతికి తనిఖీకి పంపింది. అడవిలోనే ప్రతి దుంగ కొనమీద సర్కారు సుత్తితో కిరీటం ముద్రా, నంబరూ కొడతారు. ఆ నంబరు రిజిస్టరులో ఉండాలి. అప్పుడే వ్యాగను కదులుతుంది.

అతనిది పలమనేరు. వరుసకొకసారి పెన్ను తుడుచుకునేవాడు. పెన్ను తుడిచే గుడ్డకు కూడా లైసెన్సు ఉందా అని ఆమె అడిగితే, ఉంటే తెచ్చేవాణ్ణన్నాడు. మొదటిరోజు సాయంత్రం వాన పడింది. అతను గొడుగు తీసి రిజిస్టరుకు పట్టాడు. తాను తడిశాడు, పక్కనే ఉన్న ఆమె కూడా తడిసింది. అప్పుడు ఆమెకు కోపం వచ్చింది. ఇంటికి పోయి తల తుడుచుకుంటుంటే నవ్వొచ్చింది.

రెండోరోజు పన్నెండు దుంగలు తేలాయి. వాటి మీద ముద్రల్లేవు.

“వీటిని మీ రిజిస్టరులోవి అని నేను రాయలేను,” అన్నాడు ఆదిమూలం. “మీ పన్నెండు దుంగలు యాడికో పొయినాయి, ఇవి యాడనుంచో వచ్చినాయి. ఆఫీసు అట్లే అంటాది.”

ఆఫీసు అట్లా అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. లైసెన్సు పోతుంది, నాయన మీద కేసు పెడతారు. శుక్రవారం మద్రాసులో ఓడ ఉంది.

ఆమె ఏడవలేదు. టేపు తెచ్చింది. సరుకు దిగిన రోజునే ప్రతి దుంగకూ పొడుగూ చుట్టుకొలతా రాసి పెట్టుకుంది. ఇద్దరూ చెరో కొన పట్టుకుని కొలిచారు. చుట్టుకొలతలు సరిపోయాయి. పొడుగు మాత్రం ప్రతి దుంగలోనూ జానెడు తగ్గింది.

“ముద్ర కొట్టిన కొన కోసేసినారు,” అన్నాడు అతను.

ఆమె కోతపని కుప్పయ్యను పిలిపించింది. దుంగలు వ్యాగనులో పట్టవని కొనలు కోశానని అతను ఒప్పుకున్నాడు. ముక్కలేమయ్యాయని అడిగితే, బొమ్మలు చెక్కేవాళ్లు అడిగితే ఇచ్చేశానన్నాడు. ముక్కలకు లెక్క ఉంటుందని తనకెవరూ చెప్పలేదన్నాడు. అది నిజం. దుంగలకు గళ్లు గీసిన చంద్రకాంతమ్మ ముక్కలకు గడి గీయలేదు.

మునిరామయ్యను ముందు కూర్చోబెట్టుకుని ముగ్గురూ జట్కాలో తిరుచానూరు వెళ్లారు. సత్రాల వీధిలో తిరుమలమ్మ బొమ్మల అంగడి ఉంది. ఆమె కొడుకులు చెక్కుతారు, ఆమె అమ్ముతుంది. రంగు ఆరని బొమ్మలు చాప మీద వరుసగా నిలబడి ఉన్నాయి. ఆదిమూలం ఒకదాన్ని తిరగేశాడు. పాదాల కింద కిరీటం ముద్ర, దాని కింద నంబరు.

ఇది చెరపలేదేమని అడిగాడు.

“చెరిపితే ఎవురు కొంటారు సామీ? యాత్రికులు బొమ్మను తిరగేసి సూస్తారు. సర్కారు ముద్ర ఉంటే అసలు చందనమని ఎత్తుకుంటారు. ముద్ర లేనిది ఆడ్నే పడుంటాది.”

పదకొండు బొమ్మలు చాప మీదే దొరికాయి, చంద్రకాంతమ్మ వాటిని కొంది. పన్నెండోది పెళ్లిళ్లకు ఇచ్చే జంటలో మగబొమ్మ. ఆడబొమ్మకు ముద్ర లేదు. జంటను విడదీసి అమ్మడం తన ఇంటావంటా లేదని తిరుమలమ్మ మగబొమ్మను వెనక్కి లాక్కుంది. ఆదిమూలం జంటనే కొన్నాడు. పెళ్లి ఎవరిదని తిరుమలమ్మ అడిగింది. అతను నంబరు రాసుకోబోయి, తప్పు రాసి కొట్టేశాడు. ఈ రెండు రోజుల్లో అతను కొట్టేసిన మొదటి అంకె అది. చంద్రకాంతమ్మ చూసింది, చూడనట్టు ఊరుకుంది.

గురువారం పాకాల మీదుగా రైల్లో చిత్తూరు వెళ్లారు. దారిలోనే ఆమె రిజిస్టరులో గీత గీసి, ‘కోసిన ముక్కలు’ అని కొత్త గడి పెట్టింది.

ఆఫీసరు బొమ్మలను బల్లమీద పెట్టించి ఒక్కొక్కటే తిరగేశాడు. ఆదిమూలం నంబరు చదివాడు, ఆఫీసరు రిజిస్టరు చూశాడు. బంట్రోతులు తలుపు దగ్గర గుమిగూడారు. చివరి నంబరు కూడా సరిపోయాక ఆఫీసరు నవ్వి, కాగితం ఆదిమూలం ముందుకు తోశాడు. తనిఖీదారు సంతకం పడితే, వ్యాగను ఆగి ఉన్న రేణిగుంటకు తంతి పోతుంది.

ఆదిమూలం పెన్ను మూత తీయలేదు.

“నేను సంతకం పెట్టకూడదు సార్.”

చంద్రకాంతమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఏం తేడా వచ్చిందని ఆఫీసరు అడిగాడు.

“తేడా ఏమీ లేదు సార్. లైసెన్సుదారు బంధువు తనిఖీ సంతకం పెట్టకూడదని రూలు ఉండాది.”

“నీకేమయ్యా బంధుత్వం?”

“ఇప్పటికి లేదు సార్. ఈమెను పెండ్లి చేసుకుంటానని మునిరామయ్య గారిని అడగాలని ఉండాను. ఆ మాట మనసులో పెట్టుకోని సంతకం చేస్తే చెల్లదు.”

మునిరామయ్య గొంతు వచ్చిన వైపుకు తల తిప్పాడు.

“నన్ను అడిగేదేముంది అబ్బయ్యా? మా ఇంట్లో లెక్కలు సూసేది ఆయమ్మ. ఆమెనే అడుగు.”

ఆఫీసరు గడియారం చూసి చంద్రకాంతమ్మకు వివరించాడు. ఆమె కాదంటే బంధుత్వం లేనట్టే, ఆదిమూలం ఇప్పుడే సంతకం పెడతాడు. ఔనంటే ఇంకో తనిఖీదారు రావాలి, మొదటినుంచి చూడాలి. సాయంత్రానికి ముగియకపోతే వ్యాగను రేపటి ఓడకు అందదు.

ఈరోజు కాదని, రేపు ఔనని చెప్పొచ్చు. ఆ ఆలోచన ఆమెకు వచ్చింది. కానీ అది తెలిసి తప్పు రాయడం. ఎదుటివాడు ఆ పని చేయలేకనే పెన్ను మూసుకుని కూర్చున్నాడు.

“ఇంకొకరిని పిలిపించండి సార్,” అంది. “అన్నీ మళ్లా తిరగేసి సూపిస్తాను.”

తలుపు దగ్గర ఒక బంట్రోతు చప్పట్లు కొట్టి, ఆఫీసరు చూడగానే ఆపేశాడు.

చెంగల్రాయుడనే పెద్దాయన వచ్చాడు. తొందరపడే మనిషి కాదు. ఒక్కో బొమ్మనూ కిటికీ వెలుగులోకి తీసుకుపోయి చూశాడు. చంద్రకాంతమ్మ పక్కనే నిలబడి రిజిస్టరులో వరుసలు చూపింది. ఆదిమూలాన్ని గదిలోకి రానివ్వలేదు. పొద్దు వాలుతుండగా చెంగల్రాయుడు సంతకం పెట్టాడు, తంతి పోయింది. వ్యాగనును మద్రాసు గూడ్సుకు తగిలించామని రేణిగుంట నుంచి జవాబు వచ్చింది. మునిరామయ్య దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

చంద్రకాంతమ్మ వరండాలోకి వచ్చేసరికి ఆదిమూలం బెంచీ మీద నుంచి లేచాడు.

“వ్యాగను పోయింది,” అంది.

“మంచిది,” అన్నాడు. “మిమ్మల్ని ఇంకా సరిగ్గా అడగనే లేదు.”

“అడగండి,” అంది చంద్రకాంతమ్మ. “జవాబు మాత్రం మారదు.”