ఎదురాఫీసుకు పోస్టు

కవరు తడిమి చూసి లోపల ప్రేమ ఉందో లేదో చెప్పేస్తాను. ఈ కౌంటీలో నలభై ఏళ్లుగా టపా పంచుతున్నాను, నా జోస్యం ఒక్కసారీ తప్పలేదు.

మారిట్, ఎల్డన్ కుర్ర లాయర్లు. ఒకే వీధిలో ఎదురెదురు ఆఫీసులు. ఆ పిల్ల మారిట్ ఎరువుల ఫ్యాక్టరీ తరఫు. ఎల్డన్, ఆ ఫ్యాక్టరీ మురుగుతో బావి పాడైన రైతు ఓర్విల్ తరఫు. మొదటిరోజే కోర్టు మెట్ల మీద తగువు.

"గొడుగు దించండి మేడమ్, కన్ను పోయేలా ఉంది!"

"ఆ కళ్లు గడువులు చూసుకోడానికి దాచుకోండి, లాయరు గారూ!"

మా కోర్టుకో నియమం ఉంది. పిటిషన్ ఎదుటి లాయరు చేతికిస్తే, అతను జవాబుగా కౌంటరు వేసే గడువు ఆ రోజు నుంచే మొదలు. పోస్టులో పంపితే అదనంగా మూడు రోజులు కలుస్తాయి. ఎల్డన్‌కి గుమస్తా లేడు, తనే టైపు కొట్టుకునేవాడు. అది మారిట్‌కి కిటికీలోంచి కనిపించేది. అంతే, కాగితాలన్నీ పోస్టులో వెయ్యడం మొదలుపెట్టింది. నాలుగడుగుల వీధి దాటడానికి స్టాంపు!

"ఏమ్మా, నా కాళ్లరగ్గొట్టడం దేనికి?"

"నీకు వ్యాయామం, గస్ తాతా."

"నాకు వ్యాయామమా, అతనికి వెసులుబాటా?"

పిల్ల చెంపలు కందిపోయాయి. ఎల్డన్‌కీ సంగతి తెలిసిపోయింది. హోటల్లో ఒకే 'రూబార్బ్ పై' మిఠాయి పంచుకునే వేళకి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. కోతలకల్లా పెళ్లని ఊరంతా చాటాను.

ఆ తర్వాత ఫ్యాక్టరీవాళ్లు పెద్ద పిటిషనే వేయించారు: విచారణ అక్కర్లేదు, కేసు ఇప్పుడే కొట్టెయ్యండని. వేళకి కౌంటరు పడకపోతే ఓర్విల్ గోడు ఇక జ్యూరీ చెవిన పడదు.

ఆ రోజు జోరువాన. మారిట్ నన్ను పిలవలేదు. ఆ పిటిషన్ కాగితాలు కోటులో దాచుకుని తానే వీధి దాటింది. ఎల్డన్ తలుపు తీసి, తడిసిన ఆ జుట్టు చూస్తూ ఉండిపోయాడు. ఆమె వెళ్లాక, అలవాటు చొప్పున మూడు రోజులు కలిపి క్యాలెండర్లో గుర్తు పెట్టుకున్నాడు.

కౌంటరు పట్టుకెళ్లేసరికి గడువు దాటింది. జడ్జి తీసుకోలేదు. కేసు పోయింది.

మళ్లీ అవే మెట్లు.

"మూడు రోజులు కోసెయ్యడానికే వచ్చావు కదూ?"

"నిన్ను చూడాలని వచ్చాను! నీ చేతిలోనే పెట్టానుగా, వేరే చెప్పాలా?"

"నేను నీ ముఖమే చూశాను."

"అది కూడా నా తప్పేనా?"

పక్కనే ఉన్న ఓర్విల్ టోపీ సర్దుకున్నాడు. "మీ ఇద్దరి మధ్యా నా బావి పూడిపోయిందయ్యా."

ఎల్డన్ తల దించుకున్నాడు. "వెళ్లండి, లాయరు గారూ."

ఆ 'అండి' తగిలాక ఆమె మరి ఆగలేదు. మంచు పడకముందే నగరానికి వెళ్లిపోయింది. ఎల్డన్ ప్రతి శనివారం ఓర్విల్ ఇంటికి తన ట్రక్కులో నీళ్లు మోస్తున్నాడు.

కోతలయ్యాయి, పెళ్లి కాలేదు. జోస్యం తప్పలేదన్నానా? నేను చెప్పినవాటిలో జరిగింది మా చెల్లెలి పెళ్లొక్కటే. అదీ శుభలేఖ అందాక చెప్పాను.

నిరుడు మాత్రం మారిట్ నుంచి ఎల్డన్‌కి ఒక కవరొచ్చింది. లోపల ఏమీ లేదు. అతను స్టాంపు నిమిరి, "ఇంకా మూడు రోజులున్నాయి తాతా" అని నవ్వాడు.

వాన నిజం, తడిసిన జుట్టు నిజం, బావి మరీ నిజం. ఆ కవరొక్కటే నేను కల్పించాను. ఏం చెయ్యను, ఎల్డన్ టపా వేళకి కిటికీ దగ్గరకొచ్చి నిలబడతాడు. నా సంచిలో అతనికేమీ ఉండదు.