అన్నీ తీసేయ్

"డ్యూటీలో పాటలేందప్పా?"

జోయల్ చెవిలో తీగ పీకి చేతిలో పెట్టింది ఆ పిల్ల. ఉరవకొండ బస్టాండులో పొద్దున జనం. ఎవురబ్బా ఈమె అని తలెత్తి చూసినాడు. మెడలో సర్వే సంస్థ ఐడీ కార్డు, భుజాన కెమెరా సంచి, మొకంలో మండుటెండ.

"జోయల్ అంటే నువ్వే కదా? సర్వేకి పోదామా, నీ పాటకచేరీ అయిపోయినాక పోదామా?"

"బస్సు రాలా కదా ఇంకా," అన్నాడు.

అంతకు మించి అనలేదు. మాటలు పోగు చేసుకొని మాట్లాడే మనిషి కాదు జోయల్. ఆమె ఎవురో అప్పటికి తెలిసిపోయింది. ఆఫీసులో ముందే చెప్పినారు: కదిరి పిల్ల, పేరు హరిత, అంగడి సోమశేఖర్ శెట్టి కూతురు, బీకాం చదివింది, నోరు జాస్తి.

పని తేలికదే. వానల్లేక శెనక్కాయ ఎండిపోయిన ఊర్లకు పోవాల. చేను ఫోటో, రైతు ఫోటో తీసి, పేరు రాసుకొని రావాల. ఫోటోలు ఆమె తీస్తాది, దారి జోయల్ చూపిస్తాడు. తన నాయన యేసన్న ఆ చేన్లలోనే కూలికి పోతాడు కాబట్టి ఏ గట్టు ఎవరిదో జోయల్‌కు తెలుసు.

మొదటి రోజు మధ్యాన్నానికే హరిత మొకం వాడిపోయింది.

"కార్డు నిండిపోయింది. ఇంకా సగం చేన్లుండాయి. ఇప్పుడు అనంతపురం పోయి కంప్యూటర్లో ఎక్కించి రావాల్నా?"

జోయల్ జేబులోంచి తెల్లటి పాటల పెట్టె తీసినాడు. అరచేతిలో పట్టేంత ఉంది. బెంగళూరులో పెయింటింగ్ పనికి పోయినప్పుడు ఒక ఇంటాయన కొత్తది కొనుక్కొని పాతది ఇతని చేతిలో పెట్టినాడు, కెమెరాకు తగిలించే తీగతో సహా.

"దీంట్లోకి పోతాయి," అన్నాడు.

"పాటల డబ్బాలోకి ఫోటోలా? ఏమప్పా, నన్ను చూస్తే ఎట్లుండాది నీకు?"

జోయల్ తీగ ఒక కొస కెమెరాకు పెట్టినాడు, ఇంకో కొస పెట్టెకు. ఇంకో ఊరికి పోయే ఆటో కదిలింది. చిన్న తెర మీద ఎండిన చేన్లు ఒకదాని వెనక ఒకటి రాసాగినాయి. హరిత నోరు తెరుచుకొని చూసింది. కాసేపటికి మళ్ళా మూతి ముడిచింది.

"కొంచెం జరిగి కూర్చో."

"జరిగితే తీగ ఊడిపోతాది."

జానెడు కూడా లేదు ఆ తీగ. ఆటో గుంతలో పడినప్పుడల్లా ఆమె భుజం ఇతనికి తగిలేది. తెర మీద గీత నిండేదాకా ఇద్దరూ కదలకూడదు. ఆ గీత నిదానంగా నిండింది. ఇంకా నిదానమైనా బాగుండు అనిపించింది జోయల్‌కు.

ఆ తర్వాత అదే వాడుకైపోయింది. సాయంత్రం ఉరవకొండలో అనంతపురం బస్సు ఎక్కగానే హరిత కెమెరా ఇతని ఒళ్ళో పెట్టేది.

"అన్నీ తీసేయ్ జోయల్."

అంటే, కార్డులో ఉండేవన్నీ పెట్టెలోకి ఎక్కించి కార్డు ఖాళీ చేయమని. మరుసటి రోజుకు జాగా కావాల కదా, వీళ్ళు చేరేసరికి ఆఫీసు మూసేసింటారు.

పెట్టెలో మటుకు జాగా యాడిది? పాతది. నిండా పాటలే. ఫోటోలు ఎక్కించాలంటే పాటలు తుడిచేయాల. రోజూ కొన్ని పాటలు పోయేవి, ఆ జాగాలోకి ఎండిన చేన్లు వచ్చేవి. హరిత ఇది ఒకరోజు కనిపెట్టింది.

"ఈపొద్దు ఏ పాటలు పోయినాయి?"

"అమ్మకు ఇష్టమని చర్చి పాటలు ఉంచినా. తక్కినవి పోతే పోనీ."

"నా కోసం పాటలు పోగొట్టుకుంటాండావా?"

"చేన్ల కోసం."

"ఓహో. చేన్ల కోసం!" అని కిటికీ వైపు తిరిగింది. కోపమో నవ్వో జోయల్‌కు తెలియలేదు. కిటికీ అద్దంలో చూస్తే నవ్వే.

చేన్ల కాడ మటుకు నవ్వు వచ్చేది కాదు. ఓబన్న అనే ముసిలాయన మొక్క పెరికి వేళ్ళు దులిపి చూపించినాడు.

"పూసింది పాపా. పూయకేం, బాగానే పూసింది. నేల గట్టిపడిపాయ, పూతలోంచి దిగే ఊడ మట్టి లోపలికి దిగలా. దిగకుండా కాయ యాడ పడతాది?"

హరిత ఆ మొక్కనూ ఆయన చేతినీ ఫోటో తీసింది. పక్కన జోయల్ పెట్టె సర్దుకుంటా ఉంటే ఓబన్న తొంగి చూసినాడు.

"నా మొకం ఈ పాటల డబ్బాలోకి పోతాదా?"

"పోతాది తాతా," అంది హరిత.

"అట్లయితే లోపల ఊరికే కూర్చోబెట్టొద్దండి. నా గొంతు బాగుంటాది, ఒక పాట పాడించండి."

నవ్వబోయి హరిత కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు బస్సులో ఆమె కిటికీకి తల ఆనించుకొని కూర్చుంది. జోయల్ ఒక చెవి తీగ తీసి ఆమె చేతిలో పెట్టినాడు. మిగిలింది చర్చి పాటలే. శెట్టి పిల్ల కళ్ళు మూసుకొని అవే విన్నది, అనంతపురం వచ్చేదాకా.

ఆఖరి రోజు కణేకల్ దిక్కున పని పడింది. ఎండిన చేన్లు చూసీ చూసీ ఉన్నవాళ్ళకు కాలవ కింద వరి కనపడేసరికి హరిత చెప్పులు విప్పి గట్టు మీదికి పరిగెత్తింది.

"ఎంత పచ్చగుండాది జోయల్! నా ఫోటో తియ్యి. తియ్యప్పా, చూస్తావేంది!"

తీసినాడు. కాలవలో కాళ్ళు పెట్టుకున్నది, దుపట్టా గాలికి మొకాన పడినది, "చాల్లే" అంటా చెయ్యి అడ్డం పెట్టినది. ఆమె ఇతన్ని తీసింది. నవ్వమంటే పళ్ళ డాక్టరు ముందర కూర్చున్నట్టు నోరు తెరిచినాడు.

బర్రెలు మేపుకుంటాండే లింగప్పను పిలిచి ఇద్దరినీ కలిపి తీయమన్నారు. లింగప్ప గురి చూసి నొక్కినాడు.

"అన్నా, తలకాయలే రాలేదు!" అంది హరిత.

"కాళ్ళు ఎంత బాగొచ్చినాయో చూడు ముందు," అన్నాడు లింగప్ప.

రెండోసారి సరిగ్గా వచ్చింది. హరిత కెమెరాను చూసి నవ్వుతాండాది. జోయల్ ఆమెను చూస్తాండాడు.

తిరుగు బస్సులో హరిత ఫోను మోగింది. వాళ్ళమ్మ వరలక్ష్మమ్మ. ఆమె గొంతు పెద్దది, పక్కన కూర్చున్నోనికి కూడా చెప్పినట్టే ఉంటాది.

"ఆదివారం బత్తలపల్లి వాళ్ళు చూసేకి వస్తాండారు. పొద్దున్నే తలకు పోసుకోవాల. ఇంగ ఆ ఎండల్లో తిరిగింది చాలు, శనివారానికి ఇంట్లో ఉండు."

"ఊఁ," అంది హరిత. ఫోను సంచిలో పెట్టింది. చానాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. మబ్బు పట్టినట్టే పట్టి విడిపోతాండాది.

తర్వాత కెమెరా తీసి ఎప్పటిమాదిరి జోయల్ ఒళ్ళో పెట్టింది.

"రేపు ఆఫీసులో ఇచ్చేయాల దీన్ని. మనవి అన్నీ తీసేయ్ జోయల్. ఒక్కటి కూడా కార్డులో ఉండకూడదు."

జోయల్ చెయ్యి ఆగింది. ఆమె వైపు చూసినాడు. ఆమె తల తిప్పలేదు.

అడగాలనుకున్నాడు. ఏమని అడగాల? సంబంధం వస్తాండే పిల్ల. శెట్టి కూతురు. కూలి యేసన్న కొడుకు పక్కన నవ్వుతా నిలబడిన ఫోటో ఎవురికంటన్నా పడితే ఆమె బతుకేం కావాల? తీసేయమంది, సరైన మాటే కదా అనుకున్నాడు.

చేన్లన్నీ పెట్టెలోకి ఎక్కించినాడు. కాలవకాడి ఫోటోలు మటుకు ఎక్కించలేదు. ఒకటొకటే కెమెరాలోనే తుడిచేసినాడు. దుపట్టాది పోయింది. చెయ్యి అడ్డం పెట్టింది పోయింది. ఇద్దరూ ఉన్నదాని కాడ వేలు నిలబడిపోయింది. అదీ నొక్కినాడు.

"తీసేసినావా?" కిటికీ వైపు చూస్తానే అడిగింది.

"తీసేసినా."

"అన్నీ?"

"అన్నీ."

"మంచిపని చేసినావు," అని తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. ఆ మొకంలో నిమ్మళం చూసి జోయల్ తీగ చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున ఇతని ఫోన్లో ఒక మిస్డ్ కాల్. హరితదే. ఫోను చేతిలో పెట్టుకొని ఇంటి ముందర బండ మీద కూర్చున్నాడు. తీసేసినానో లేదో మళ్ళా అడిగేకేమో, అడిగించుకోవడం ఎందుకు, అనుకున్నాడు. తిరిగి చేయలేదు.

*

మరుసటేడు శ్రావణంలో వాన పట్టింది. వంకలు పారేంత వాన. కదిరిలో పెయింటింగ్ పని ఉందని జోయల్ అనంతపురంలో బస్సెక్కినాడు. పక్క సీటులోకి తడిసిన కొంగు పిండుకుంటా ఒకామె వచ్చి కూర్చుంది. మెడలో నల్లపూసలు, కాళ్ళకు మెట్టెలు.

"బాగుండావా జోయల్?"

"ఉండా."

"ఇంకా అంతేనా నువ్వు! అడిగినదానికి సగం చెప్పి మిగతాది దాచిపెట్టుకుంటావు," అని నవ్వింది హరిత. నవ్వు మారలేదు. దాని వెనకాల ఉండే బిరుసు మటుకు తగ్గింది.

తనే చెప్పింది అన్నీ. ఆయన పేరు భరత్‌కుమార్. బత్తలపల్లిలో అంగడి. మంచోడే, కోపమే రాదు ఆయప్పకు. ఎంత గొడవ పెట్టుకుందామన్నా కలిసిరాడు.

ఊరు దాటినాక గొంతు తగ్గించింది.

"ఒకటి అడగాల. ఏమనుకోవద్దు. ఆ ఫోటోలు తుడిచేయ్ జోయల్. పెళ్ళయినదాని ఫోటోలు నీకాడ ఉండడం నీకూ బాగుండదు. ఆయన నామీద ఈగ వాలనియ్యడు. ఆయన పక్కన కూర్చుంటే అదే దిగులు నాకు."

"ఏ ఫోటోలు?"

"ఏ ఫోటోలంట! కాలవకాడివి."

"అవి నువ్వు చెప్పిన రోజే తీసేసినా కదా."

"అదేనప్పా. పెట్టెలోకి తీసేసినావు. ఇప్పుడు పెట్టెలోంచి తుడిచేయమంటాండా."

జోయల్‌కు నోరు ఎండిపోయింది. బయట అంత వాన.

"పెట్టెలోకి తీయలా హరితా. కెమెరాలోనే తుడిచేసినా."

ఆమె ఇతని మొకం చూసింది. తమాషా కాదని తెలుసుకునేదాకా చూసింది.

"ఎందుకు?"

"నువ్వు చెప్పినావని. అన్నీ తీసేయ్ అన్నావు."

"రోజూ అంటాంటి కదా ఆ మాట! రోజూ ఏం చేస్తాంటివి? ఎక్కించుకుంటాంటివి కదా!"

"ఆ పొద్దు మీయమ్మ ఫోన్ చేసింది."

హరిత నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది, నవ్వులాంటిది. చేత్తో నోరు మూసుకుంది. భుజాలు అదురుతాంటే నవ్వుతాండాదనుకున్నాడు జోయల్. కాదు.

"మా ఇండ్లల్లో ఆడపిల్ల ఫోటో ఊరికే ఎవురికీ ఇయ్యరు," అంది కళ్ళు తుడుచుకుంటా. "సంబంధానికి పంపిస్తారు. కుదరకపోతే మనిషిని పంపి తిరిగి తెప్పించుకుంటారు. అట్లాంటిది నావన్నీ తెచ్చి నీ చేతిలో పెట్టినా. నీకాడ పెట్టుకోమని. ఆడపిల్ల ఇంకేం చెప్పాల అనుకున్నా. నువ్వు తీసుకున్నావనుకున్నా."

జోయల్ ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు.

"ఆదివారం పొద్దున మిస్డ్ కాల్ కూడా ఇచ్చినా. వచ్చేస్తావనుకుంటి. మా నాయన ముందర నిలబడి ఏదో ఒకటి అంటావు, నేను వెనకాల నిలబడతా అనుకుంటి. వాళ్ళు వచ్చి ఉగ్గాని తిని పోయినంతసేపూ వాకిలి దిక్కే చూసినా. ఫోటోలు తీసుకున్నోడు రాకుండా పోయినాడే అని ఎంత తిట్టుకున్నానో నిన్ను."

"నాకు తెలియలా."

"అడగొచ్చు కదప్పా! యాడికి తీసేయాల అని ఒక్క మాట. ఒక్క మాటే కదా!"

ఉన్న నిజం ఒక్కటే. ఆమె వద్దంటుందని జోయల్ ముందే నమ్మేసినాడు. అందుకే ఆ మాట అట్లా వినపడింది. అది చెప్పినాడు, చెప్పడం రాకపోయినా, తడబడుకుంటానే. తన జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. ఆమెను చూడకుండా ఒక ఊరి చేను కూడా దాటలేకపోయేవాడినని, ఆ పాటల పెట్టెను తర్వాత చేత పట్టలేదని, అన్నీ చెప్పినాడు. హరిత తల వంచుకొని విన్నది. కొంగు కొస వేలికి చుట్టుకుంటా, విప్పుకుంటా.

"ఇంత మాట్లాడతావని ఎవురికి తెలుసు," అంది చివరికి.

బత్తలపల్లి వచ్చింది. స్టాపు కాడ ఒకాయన ఖాళీ గోనెసంచి నెత్తిన కప్పుకొని తడుస్తా నిలబడినాడు. ఆమె కోసం తెచ్చిన గొడుగు తడవకుండా చంకలో పెట్టుకున్నాడు. బస్సు కిటికీలన్నీ వెతుకుతాండాడు.

"అదిగో మా ఆయన. గొడుగు పెట్టుకుంటే అది తడుస్తాదంట," అంది హరిత. ఆ గొంతులో ప్రేమ ఉండాది. జోయల్‌కు అది స్పష్టంగా వినపడింది.

లేచి నిలబడింది. బ్యాగు సర్దుకుంటా, అంగట్లో సరుకులు చెప్పినంత మామూలుగా అంది, "నువ్వంటే నాకు చానా ఇష్టముండె."

"ఏమంటివి?" అన్నాడు జోయల్.

విన్నాడు. విన్నాడని ఆమెకూ తెలుసు.

"దిగేవాళ్ళు బిరీన దిగండమ్మా!" కండక్టరు అరిచినాడు.

హరిత తలుపు దిక్కు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగింది.

"నువ్వంటే నాకు ఇష్టముండె జోయల్," అంది, ఈసారి నిదానంగా, ఒక్కొక్క మాటా విడివిడిగా.

జోయల్ తల ఊపినాడు. ఉండె అనింది, ఉండాది అనలేదు. ఈసారి సరిగ్గానే అర్థమైంది.